చార్లెస్ టిల్లీ దేన్ని లెక్కపెట్టారు?

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ టిల్లీ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది ఒకే ఒక్క మాట: యుద్ధం రాజ్యాన్ని తయారుచేసింది, రాజ్యం తిరిగి యుద్ధం చేసింది. 1975లో అచ్చయిన ఆ వాక్యం తర్వాత నినాదమైపోయింది. నినాదంగా బాగానే ఉంది కానీ, యాభై ఏళ్ల పాటు ఆ మనిషి రోజూ కూర్చుని చేసిన పని అందులో కనిపించదు. ఆయన్ని వదలకుండా వెంటాడిన ప్రశ్న వేరు. జనం గుంపుగా చేరి ఎవరినో ఏదో అడిగారు. దాన్ని 'ఒకటి' అని ఎలా లెక్కపెట్టాలి? ఎంతమంది చేరితే గుంపు? ఎక్కడ మొదలై ఎక్కడ ఆగితే ఒక ఘటన? ఈ కొలమానాన్ని టిల్లీ తన జీవితంలో కనీసం నాలుగుసార్లు మార్చారు. కొలమానం మారినప్పుడల్లా సిద్ధాంతమూ మారింది. ఆయన్ని చదవడానికి అన్నిటికన్నా మంచి దారి అదే.

పుట్టింది 1929లో, షికాగో దగ్గర లాంబార్డ్ అనే ఊళ్లో. హార్వర్డ్‌లో డిగ్రీ 1950లో, డాక్టరేట్ 1958లో. మధ్యలో ఆక్స్‌ఫర్డ్‌లో కొంత చదువు, కొరియా యుద్ధకాలంలో అమెరికా నౌకాదళంలో జీతాలు పంచే అధికారి ఉద్యోగం, ఫ్రాన్స్‌లోని ఆంజే పట్టణంలో ఆర్కైవ్స్ పని. పరిశోధనకు దారి చూపినవాళ్లు జార్జ్ హోమన్స్, బారింగ్టన్ మూర్. ఉద్యోగాలు డెలవేర్, హార్వర్డ్, టొరంటో, మిచిగన్ (1969 నుంచి 1984), న్యూయార్క్‌లోని న్యూ స్కూల్ (1996 దాకా), ఆ తర్వాత 2008 ఏప్రిల్‌లో కన్నుమూసేదాకా కొలంబియా. 50కి పైగా పుస్తకాలు, 600కు పైగా వ్యాసాలు. భార్య లూయీజ్ టిల్లీ చరిత్రకారిణి, తమ్ముడు రిచర్డ్ ఆర్థిక చరిత్రకారుడు. ముగ్గురూ కలిసి ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీల్లో 1830 నుంచి 1930 దాకా జరిగిన అల్లర్లను పోల్చి ఒక పుస్తకం రాశారు. ఇంటిపేరే పరిశోధక బృందమైన సందర్భాలు అరుదు.

మొదటి పెద్ద పని పశ్చిమ ఫ్రాన్స్‌లోని వాందే ప్రాంతపు తిరుగుబాటు మీద. 1793 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ విప్లవ ప్రభుత్వం మూడు లక్షల మందిని సైన్యంలోకి తీసుకోవాలని ఆజ్ఞ వేసింది. మార్చిలో లువార్ నదికి దక్షిణాన ఉన్న పల్లెలు భగ్గుమన్నాయి. అప్పటిదాకా చెప్పుకున్న కథ తేలికైనది: రైతులు అమాయకులు, రాజభక్తులు, దైవభక్తులు, ఫాదరీ చెప్పాడు, జమీందారు చెప్పాడు, లేచారు. టిల్లీ ఈ కథకు ఒక చిన్న ప్రశ్న వేశారు. రాజభక్తి, దైవభక్తి ఫ్రాన్స్ అంతటా ఉన్నవే. మరి పక్కపక్కనే ఉన్న రెండు ప్రాంతాల్లో ఒకటి లేచి, రెండోది ఎందుకు లేవలేదు?

ఆ రెండు ప్రాంతాలూ ఒకే జిల్లాలోవి. ఒకటి మోజ్. దట్టమైన కంచెలు, చెదురుమదురు కౌలు ఇళ్లు, ఎక్కడికక్కడ తెగిపోయిన పల్లెలు, మధ్యలో షోలే పట్టణం చుట్టూ అల్లుకున్న నార బట్టల నేత. ఇదే లేచింది. రెండోది సోమూర్ లోయ. ద్రాక్షతోటలు, నది మీద రవాణా, పట్టణాలతో పాతకాలం నుంచీ లావాదేవీలు. ఇది విప్లవం పక్షాన ఉండిపోయింది. టిల్లీ ఆంజే ఆర్కైవ్స్‌లో పన్ను పట్టీలు, ఎన్నికల జాబితాలు, చర్చి భూముల వేలం కాగితాలు, తిరుగుబాటుదారుల వివరాలు, కొత్త రాజ్యాంగానికి ప్రమాణం చేసిన, చేయనన్న ఫాదరీల పేర్లు పక్కపక్కన పెట్టి చూశారు. మోజ్‌లో కొద్దిమంది బట్టల వర్తకులు పట్టణాల నుంచి వచ్చి అధికార పదవులు పట్టారు, చర్చి భూములు కొన్నారు, ప్రమాణం చేయని ఫాదరీని తీసేసి కొత్తవాణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. ఊరు రెండు ముక్కలైంది. సైనిక భర్తీ ఆజ్ఞ వచ్చేసరికి ఆ ముక్కలు అప్పటికే తయారుగా ఉన్నాయి. తిరుగుబాటులో చేరినవాళ్లలో రైతులే కాదు, నేతగాళ్లూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. 'అమాయక రైతు' కథ అక్కడే చిరిగింది.

1964లో వచ్చిన ఆ పుస్తకానికి పేరొచ్చింది కానీ, అందులో పాతుకున్న ఇబ్బంది ఒకటుంది. మోజ్‌కూ సోమూర్‌కూ ఉన్న తేడాలన్నిటినీ టిల్లీ 'పట్టణీకరణ' అనే ఒకే గొడుగు కిందికి తెచ్చారు. మార్కెట్టు పెరగడం, అధికారులు రావడం, కొత్త వర్తకులు తలెత్తడం, అన్నీ పట్టణీకరణే. ఒకే పదం అన్నిటినీ వివరిస్తే అది ఏదీ వివరించనట్టే. ఈ విమర్శను తర్వాత ఆయనే చేసుకున్నారు, ఆ పదాన్ని వివరణగా వాడటం మానేశారు. రెండో ఇబ్బంది ఇంకా మౌలికమైనది. ఒక్క తిరుగుబాటును తీసుకుని రెండు ప్రాంతాలను పోలిస్తే ఎక్కడ లేచిందో తెలుస్తుంది. ఎప్పుడు లేస్తుందో, పాతికేళ్లకో యాభై ఏళ్లకో ఎలా మారుతుందో తెలియదు. దానికి ఘటనలను వరసగా, ఏళ్ల తరబడి లెక్కపెట్టాలి.

అక్కడి నుంచి లెక్క మొదలైంది. 1960ల అమెరికాలో నల్లవాడల అల్లర్ల తర్వాత అందరి నోటా ఒకే సిద్ధాంతం: ఊళ్లు వదిలి పట్నం వచ్చినవాళ్లకు వేళ్లు తెగిపోతాయి, కట్టుబాట్లు సడలుతాయి, అందుకే హింస. నిజమే అయితే, పట్టణాలకు వలస ఎక్కువైన దశాబ్దాల్లో, వలస ఎక్కువైన చోట్ల హింసా ఎక్కువ కావాలి. ఫ్రాన్స్‌లో పరీక్షించవచ్చు, అక్కడ కాగితాలున్నాయి.

లెక్కకు టిల్లీ పెట్టుకున్న నియమం ఇది. కనీసం ఒక పక్షంలో 50 మంది ఉండాలి, మనుషుల మీదో ఆస్తి మీదో దాడి జరగాలి లేదా వాటిని బలవంతంగా పట్టుకోవాలి. రెండు సైన్యాల మధ్య యుద్ధం లెక్కలోకి రాదు. జాతీయ దినపత్రికలను రోజుల వారీగా తిప్పి ఈ నియమానికి తగిన ప్రతి వార్తనూ ఏరాలి. 50 ఎందుకు? పెద్ద గుంపులు చేసిన గొడవ పత్రికల్లో పడకుండా పోదు, చిన్నవి పోతాయి. హద్దు ఎక్కువ పెడితే దొరికినవి తక్కువైనా నమ్మదగినవి. వార్తలో అంకె లేకపోతే ఏం చేయాలి? 'జనసందోహం', 'మూక' లాంటి మాటలు ముందే జాబితాగా రాసిపెట్టుకుని, అవి కనిపిస్తే 50 దాటినట్టే అనుకోవాలి. పక్క ఊళ్లో మర్నాడు అదే గుంపు మళ్లీ కనిపిస్తే అది కొత్త ఘటన కాదు, పాతదాని కొనసాగింపు. ఇలాంటి నియమాలు విసుగ్గా కనిపిస్తాయి. కానీ ఒక్కో నియమం కిందా ఫలితాన్ని తలకిందులు చేయగల నిర్ణయం ఉంటుంది. మూడు రోజుల గొడవను ఒకటిగా లెక్కిస్తే శాంతమైన ఏడాది, మూడుగా లెక్కిస్తే అల్లర్ల ఏడాది.

వేళ్లు తెగిన వలసజీవుల సిద్ధాంతం ఈ పరీక్షలో నిలబడలేదు. వేగంగా పట్టణాలు పెరిగిన కాలానికీ హింస పెరిగిన కాలానికీ పొంతన కుదరలేదు. రోడ్డెక్కినవాళ్లు కొత్తగా వచ్చిన దిక్కులేనివాళ్లు కాదు. ఏళ్లుగా అక్కడే ఉండి సంఘాలూ పరిచయాలూ ఉన్న చేతిపనివాళ్లు, కార్మికులు. రాజకీయ అధికారం చేతులు మారే ఘట్టాల్లో గొడవలు ఎక్కువయ్యాయి. అమెరికా ప్రభుత్వం హింసపై వేసిన జాతీయ కమిషన్‌కు 1969లో అందిన నివేదికల సంపుటంలో టిల్లీ ఈ ఐరోపా అనుభవాన్ని రాశారు. హింసను రోగంగా చూడొద్దు, మామూలు రాజకీయాలకు అది పక్కింటి చుట్టం అని దాని తాత్పర్యం.

చరిత్రకారుడు ఎడ్వర్డ్ షార్టర్‌తో కలిసి 1830 నుంచి 1968 దాకా ఫ్రాన్స్ సమ్మెలను లెక్కించినప్పుడు మరో కొలమానం వచ్చింది. సమ్మెను ఒక పెట్టెలా ఊహించుకోమన్నారు. పొడవు ఎన్ని రోజులు, వెడల్పు ఎంతమంది, ఎత్తు ఆ ఏడాది ఎన్ని సమ్మెలు. మూడూ గుణిస్తే పోయిన పనిదినాలు. పనిదినాల మొత్తం మాత్రమే చూసేవాళ్లకు రెండు ఏళ్లు ఒకేలా కనిపించవచ్చు. పెట్టె ఆకారం చూస్తే అసలు తేడా తెలుస్తుంది. 19వ శతాబ్దపు ఫ్రాన్స్ సమ్మెలు చిన్నవి, అరుదు, కానీ వారాల తరబడి లాగేవి. యజమాని దిగివచ్చేదాకానో, కార్మికుల ఇంట్లో గింజలు నిండుకునేదాకానో. 20వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి అవి వెడల్పైన పలుచటి పలకలయ్యాయి. లక్షల మంది, ఒకటి రెండు రోజులు. అది యజమానిని ఎండగట్టే సమ్మె కాదు, ప్రభుత్వానికి బలం చూపించే సమ్మె. పేరు ఒకటే, పని వేరు. ఆకలి పెరిగితే సమ్మెలు పెరుగుతాయన్న అంచనా కూడా ఇక్కడ దెబ్బతిన్నది. సంఘబలం ఉన్నచోట, రాజకీయం కదిలినప్పుడు సమ్మెలు పెరిగాయి.

ఈ అనుభవాలన్నీ 1978లో సిద్ధాంత గ్రంథంగా కుదిరాయి. కష్టం ఉన్నంత మాత్రాన జనం కదలరు. ప్రయోజనం ఒకటి కావాలి, సంఘటితం కావాలి, చేతిలో వనరులు కూడాలి, ఎదుటివాడి అణచివేత వల్ల తమ మీద పడే ఖర్చు భరించగలిగినంతలో ఉండాలి, అవకాశం తలుపు తెరవాలి. సంఘటితం అన్నదానికి టిల్లీ ఇచ్చిన కొలత సులువైనది. 'మనమంతా ఒకటి' అనే గుర్తింపు ఎంత, ఒకరికొకరికి నిజంగా ఉన్న పరిచయాల వల ఎంత, రెంటినీ గుణించాలి. గుణకారం కాబట్టి ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. ఒకే కులం పేరో ఒకే వృత్తి పేరో ఉండి, ఒకరి గడప ఒకరు తొక్కనివాళ్లు ఎందుకు కదలరో దీనితో అర్థమవుతుంది.

మిచిగన్‌లో ఉండగానే అన్నిటికన్నా పెద్ద లెక్క మొదలైంది. ఈసారి దేశం బ్రిటన్. ఫ్రాన్స్ లెక్కలో ఉన్న లోపం టిల్లీకి అప్పటికే తెలుసు. హింస జరిగితేనే ఎంచుకున్నారు కాబట్టి, హింస లేకుండా ముగిసినవన్నీ జారిపోయాయి. పోలీసు లాఠీ ఎత్తాడా లేదా అన్నదాని మీద ఒక సభ 'ఘటన' అవుతుందా కాదా అని తేలుతోంది. అంటే లెక్కపెడుతున్నది జనం చేసినదాన్నా, పోలీసులు చేసినదాన్నా? కొత్త నియమంలో హింస ఊసే లేదు. ప్రభుత్వంలో భాగం కాని 10 లేదా అంతకు మించి మనుషులు, ఎవరైనా రాగలిగిన చోట చేరి, తమ గుంపులో లేని కనీసం ఒకరిని ఏదో కోరాలి. ఆ కోరిక నెరవేరితే ఎదుటివారి ప్రయోజనాలకు తేడా రావాలి. అంతే. యాభై నుంచి పదికి దిగారు. (ఆనాటి బ్రిటన్ అల్లర్ల చట్టం లెక్క 12 మంది నుంచి మొదలయ్యేది. చట్టం కంటే సామాజిక శాస్త్రవేత్త వల ఇంకాస్త సన్నం.)

రెండు ముక్కలుగా పని జరిగింది. లండన్ చుట్టుపక్కల నాలుగు కౌంటీలకు, అంటే మిడిల్‌సెక్స్, కెంట్, సర్రీ, ససెక్స్‌లకు, 1758 నుంచి 1820 దాకా మధ్యలో ఏరిన 13 ఏళ్లు. బ్రిటన్ మొత్తానికి 1828 నుంచి 1834 దాకా వరసగా ఏడేళ్లు. ఆ ఏడేళ్లనే తీసుకోవడంలో ఆలోచన ఉంది. కేథలిక్కులకు రాజకీయ హక్కులు, స్వింగ్ పేరిట పల్లెకూలీల తిరుగుబాటు, 1832 ఎన్నికల సంస్కరణ చట్టం, 1834 పేదల చట్టం అన్నీ అందులోవే. ఆధారాలు ఏడు పత్రికలు, ప్రచురణలు. టైమ్స్, మార్నింగ్ క్రానికల్, జెంటిల్‌మన్స్ మేగజీన్, యాన్యువల్ రిజిస్టర్, మిగతా మూడూ పార్లమెంటు చర్చల, కార్యకలాపాల ప్రచురణలు. చివరికి తేలినవి 8,088 సమావేశాలు.

ఒక వార్త ఆ యంత్రంలోంచి ఎలా బయటికొస్తుందో చూద్దాం. 1830 శీతాకాలంలో కెంట్‌లో ఏదో పల్లె నుంచి ఇలాంటి కబురు వచ్చిందనుకోండి. కూలీలు గుంపుగా ఒక రైతు ఇంటికి నడిచారు, నూర్పిడి యంత్రాన్ని విరగ్గొట్టారు, రోజుకూలి రెండున్నర షిల్లింగులు చేయమన్నారు, మేజిస్ట్రేటు వచ్చి అల్లర్ల చట్టం చదివి వినిపించాడు, గుర్రపు దళం కనిపించగానే చెదిరారు. కోడింగ్ చేసే, అంటే వార్తను లెక్కకు పనికొచ్చే పత్రాల్లోకి ఎక్కించే, విద్యార్థి మొదట ఘటన మొత్తానికి ఒక పత్రం నింపుతాడు: తేదీ, ఊరు, ఎన్నాళ్లు, ఏ ఆధారంలో ఏ పేజీ. తర్వాత పాత్రధారులను విడదీస్తాడు: కూలీలు ఒక పక్షం, రైతు రెండు, మేజిస్ట్రేటు మూడు, గుర్రపు దళం నాలుగు. ఆ తర్వాత ఒక్కో కదలికకూ ఒక్కో వరస. కూలీలు నడిచారు, ఎవరి దగ్గరికి, రైతు దగ్గరికి. కూలీలు విరగ్గొట్టారు. కూలీలు అడిగారు. మేజిస్ట్రేటు చదివాడు. ముఖ్యమైన సంగతి: 'విరగ్గొట్టారు' అన్నదాన్ని 'హింస, కోడ్ 3' అని మార్చేయరు. పత్రికలో ఉన్న క్రియాపదాన్నే ఉన్నదున్నట్టు ఎక్కిస్తారు. గుంపులు కట్టడం తర్వాత, కావలసినట్టు. ఇది పంచ్ కార్డుల కాలపు కంప్యూటర్లకు పెద్ద బరువు. కానీ ముప్పై ఏళ్ల తర్వాత టిల్లీ కొత్త ప్రశ్నతో అదే డేటా దగ్గరికి మళ్లీ రాగలిగారంటే కారణం ఆ బరువు మోయడమే. మొదట్లోనే కోడ్‌లుగా కుదించినవాళ్లకు ఆ రెండో అవకాశం ఉండదు.

లెక్క చూపించింది ఏమిటి? 18వ శతాబ్దం మధ్యలో జనం చేసేవి చాలావరకు అక్కడికక్కడే తేల్చుకునే పనులు. ధాన్యం బండిని ఆపి తాము న్యాయమనుకున్న ధరకు అమ్మించడం, టోల్‌గేటు పీకేయడం, ఊరి కట్టు తప్పినవాడి ఇంటి ముందు డబ్బాలు వాయించి పరువు తీయడం, శత్రువు ఇల్లు కూల్చడం. 1830ల నాటికి ప్రకటించిన తేదీకి జరిగే బహిరంగ సభలు, తీర్మానాలు, విజ్ఞాపన పత్రాలు, ఊరేగింపులు ముందుకొచ్చాయి. కోరికలకు గురి కూడా మారింది. పక్కింటి మిల్లర్, ఊరి దొర వెనక్కిపోయి, పార్లమెంటు వచ్చింది. కారణం వెతుకుతూ టిల్లీ మళ్లీ తన నినాదం దగ్గరికే చేరారు. 18వ శతాబ్దపు యుద్ధాలకు అప్పులు, అప్పులకు పన్నులు, పన్నులకు పార్లమెంటు ఆమోదం. యుద్ధం ఖర్చుతో పార్లమెంటు బరువు పెరిగింది, బరువు పెరిగిన చోటికే జనం తిరిగారు. రెండోవైపు, భూమి పోయి కూలి మీద బతికేవాళ్లు పెరగడంతో పాత పెద్దరికాల దారి మూసుకుపోయింది. రాజ్యాల మీద ఆయన రాసింది, గుంపుల మీద రాసింది వేర్వేరు పుస్తకాల్లో ఉన్నా, అతుకు ఇక్కడుంది.

పాత పనుల మూట నుంచి కొత్త పనుల మూటకు జరిగిన మార్పు ఇది. ఇలాంటి ఒక్కో మూటనే టిల్లీ 'రెపర్ట్వార్' అన్నారు. నాటక సమాజం దగ్గర ఆడటానికి సిద్ధంగా ఉన్న నాటకాలు కొన్నే ఉంటాయి. సందర్భాన్ని బట్టి అందులోంచే ఒకటి తీస్తారు, రక్తి కట్టించడానికి అక్కడో ఇక్కడో మార్చుకుంటారు. నిరసనా అంతే. కోపం వచ్చిన ప్రతిసారీ జనం కొత్త పద్ధతి కనిపెట్టరు, తెలిసిన కొద్దిపాటి పద్ధతుల్లోంచే ఎంచుకుంటారు. మనకు దీన్ని అర్థం చేసుకోవడానికి ధర్నా ఒక్క మాట చాలు. ఒకప్పుడు ధర్నా అంటే అప్పిచ్చినవాడు బాకీదారు గుమ్మంలో తిండి మాని కూర్చోవడం. ఒక మనిషి, ఒక గుమ్మం, ఒక బాకీ, మధ్యలో పాపభీతి. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 508వ సెక్షన్‌లో దైవాగ్రహం పేరుతో బెదిరించడానికి ఇచ్చిన ఉదాహరణ సరిగ్గా ఇదే. ఇప్పుడు ధర్నా అంటే ఇందిరా పార్కు దగ్గర ఏ సంఘమైనా, ఏ డిమాండ్ మీదైనా, ప్రభుత్వం వైపు తిరిగి చేసేది. పేరు నిలిచింది. గుమ్మం పోయి ప్రభుత్వం వచ్చింది, పాపం పోయి సంఖ్య వచ్చింది. టిల్లీ బ్రిటన్‌లో చూసిన ప్రయాణమే ఇదీ: ఒక చోటికి కట్టుబడ్డ రూపం, ఎక్కడికైనా మోసుకుపోగల రూపం కావడం.

సంఖ్య గురించి కూడా టిల్లీకి ఒక సూత్రం ఉంది. ఉద్యమం ప్రదర్శించేవి నాలుగు: యోగ్యత, ఐక్యత, సంఖ్య, నిబద్ధత. శుభ్రమైన బట్టలు, పిల్లలతో వచ్చిన తల్లులు, డాక్టర్లు, లాయర్లు ముందు వరసలో ఉంటే యోగ్యత. ఒకే రంగు జెండా, ఒకే నినాదం ఐక్యత. వానలో కూడా కదలకపోతే నిబద్ధత. నాలుగింటిలో ఒకటి తగ్గితే మరోదానితో భర్తీ చేసుకుంటారు. పదిమందే ఉంటే ఆమరణ దీక్షకు కూర్చుంటారు. 2011 మార్చిలో హైదరాబాద్ టాంక్‌బండ్ మీద జరిగినదానికి మిలియన్ మార్చ్ అనే పేరు పెట్టడంలోనే ఈ సూత్రం ఉంది. సంఖ్యను జనం రాకముందే పేరులో ప్రకటించారు.

రాజ్యం సంగతికి వస్తే, 1985లో రాసిన వ్యాసంలో టిల్లీ రాజ్యాన్ని రౌడీ మామూలుతో పోల్చారు. బజారులో మామూలు వసూలు చేసేవాడు ఇచ్చేది కూడా రక్షణే. ఎవరి నుంచి? ఎక్కువగా తన నుంచే. రాజ్యం చేసే పనులు నాలుగు అన్నారు: బయటి శత్రువులతో యుద్ధం, లోపలి పోటీదారుల అణచివేత, తనవాళ్లకు రక్షణ, వీటన్నిటికీ వసూళ్లు. ఎవరూ రాజ్యం కట్టాలని ప్లాన్ వేసుకోలేదు. యుద్ధానికి డబ్బు వెతుకుతూ పోగా పన్ను శాఖ, ఖజానా, లెక్కల గుమాస్తాలు మిగిలారు. పన్ను కట్టేవాడు ఊరికే కట్టడు, బేరమాడతాడు. ఆ బేరాల మిగులే హక్కులు, చట్టసభలు. 1500లో ఐరోపాలో దాదాపు 500 స్వతంత్ర రాజకీయ విభాగాలుంటే 1900కు సుమారు 25 మిగిలాయి. 1990 పుస్తకంలో దీన్నే మూడు దారులుగా విడదీశారు. డబ్బు తక్కువై బలప్రయోగం మీద నిలిచిన రష్యా, వర్తకుల డబ్బు మీద నిలిచిన వెనిస్, హాలండ్, రెండూ కలిపిన ఇంగ్లండ్, ఫ్రాన్స్. చివరికి గెలిచింది మూడోది.

ఈ సూత్రాన్ని ఐరోపా దాటించేవాళ్లు కాలుజారే చోటు ఒకటుంది. యుద్ధం ఉంటే చాలు రాజ్యం బలపడుతుందని టిల్లీ అనలేదు. యుద్ధం ఖర్చు సొంత జనం నుంచి రాబట్టాల్సి వచ్చినప్పుడే బేరం పుడుతుంది. లాటిన్ అమెరికా మీద సామాజిక శాస్త్రవేత్త మిగెల్ సెంటెనో చూపించింది ఇదే. అక్కడ యుద్ధాలు తక్కువ, జరిగినవీ అప్పులతో, కస్టమ్స్ సుంకాలతో నడిచాయి. రాజ్యం బలపడలేదు, అప్పు మిగిలింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఏర్పడ్డ దేశాల్లో సైన్యాలకు ఆయుధాలు బయటి నుంచి రావడంతో అవి తమ ప్రజలతో బేరమాడే అవసరమే లేకుండా పెరిగాయని టిల్లీ కూడా తన 1990 పుస్తకం చివర్లో రాశారు. నినాదం తెలిసినవాళ్లు ఈ చివరి అధ్యాయం దాకా రారు.

1998 నాటి అసమానతల పుస్తకం మీద ఒక్క మాట. తేడా మనుషుల సామర్థ్యంలో లేదు, జంటలుగా గీసిన గీతల్లో ఉంది (ఆడ-మగ, నల్ల-తెల్ల, పౌరుడు-పరాయి) అన్నది దాని వాదన. ఆ గీతను నిలబెట్టేవి దోపిడీతో పాటు, అవకాశాలను తమవాళ్ల గుప్పిట్లోనే ఉంచుకోవడం. ఇటలీలోని రొక్కసెక్క అనే ఊరి నుంచి న్యూయార్క్ దగ్గరి మమారోనెక్‌కు చేరి తోటపనిని తమవాళ్ల మధ్యే ఉంచుకున్నవాళ్లు ఆయన ఉదాహరణ. కడప నుంచో కోనసీమ నుంచో బంధువుల దారిన కువైట్ వెళ్లినవాళ్లున్న ఇళ్లకు దీన్ని విడమరచనక్కర్లేదు.

బ్రిటన్ లెక్కలోనూ చిల్లులున్నాయి. ఏడు ఆధారాల్లో మూడు పార్లమెంటువే. అలాంటప్పుడు జనం పార్లమెంటు వైపు తిరిగారన్న ఫలితంలో ఎంత జనానిది, ఎంత ఆధారాలది? పల్లెల్లో జరిగినవి లండన్ పత్రికల దాకా రావడం కష్టం. స్వింగ్ తిరుగుబాటును స్థానిక రికార్డులతో లెక్కించిన చరిత్రకారులకు దొరికినవి చాలా ఎక్కువ. నియమం వల్లే జారిపోయినవీ ఉన్నాయి. స్వింగ్‌లో భయపెట్టిన పనులు రెండు: రాత్రి ఎవరో ఒకడు గడ్డివాముకు నిప్పుపెట్టడం, కెప్టెన్ స్వింగ్ పేరుతో బెదిరింపు ఉత్తరం రాయడం. పదిమంది చేరరు కాబట్టి రెండూ లెక్కలోకి రావు. భయపడేవాళ్లు గుంపుగా రారు, ఆ భయమే ఈ వలలోంచి జారిపోతుంది. ఇక చరిత్రకారుడు విలియం సూయెల్ విమర్శ మరో వైపు నుంచి. టిల్లీ వివరణల్లో ఘటనలు ఏవీ చరిత్రను మలుపు తిప్పవు, పెట్టుబడీ రాజ్యమూ అనే రెండు పెద్ద ప్రవాహాలే అన్నిటినీ లాక్కుపోతాయి, ముగింపు ముందే రాసిపెట్టినట్టుంటుంది అని. దీనిలో నిజముంది. ఎనిమిది వేల ఘటనలను పోగేసినవారి పుస్తకంలో ఒక్క ఘటన కూడా తన బలంతో దేన్నీ మార్చినట్టు కనిపించకపోవడం వింతే.

2001లో ఉద్యమాల మీద పనిచేసిన డగ్ మెక్‌ఆడమ్, సిడ్నీ టారోలతో కలిసి టిల్లీ రాసిన పుస్తకం కొంత ఈ విమర్శకు జవాబు, కొంత 1978 నాటి తన నమూనాకే ఖండన. పాత నమూనా ఫోటో లాంటిది, కదలిక లేదన్నారు. దాని స్థానంలో చిన్న చిన్న యంత్రాంగాలను పెట్టారు: తెగిపోయిన రెండు గుంపులను కలిపే మధ్యవర్తి, పై అధికారి ఇచ్చే గుర్తింపు, ఎప్పటినుంచో ఉన్న గీత ఒక్కసారిగా పదునెక్కడం. ఆలోచన బాగుంది, అమలు కలగాపులగమైంది. డజన్ల కొద్దీ యంత్రాంగాలకు పేర్లు పెట్టి చాలావాటిని నిర్వచించకుండా వదిలేశారు, కొలిచే పద్ధతి చెప్పలేదు. రచయితలే తర్వాత ఆ తప్పు ఒప్పుకున్నారు. 2008లో, క్యాన్సర్‌తో పోరాడుతూనే, టిల్లీ పాత బ్రిటన్ డేటా తీసి క్రియాపదాలను మళ్లీ లెక్కించారు. ఎవరు, ఏ క్రియ, ఎవరి మీద? దాడిచేయడం, అడ్డుకోవడం తగ్గి, సమావేశమవడం పెరిగిన తీరు సభల సంఖ్యలో కంటే క్రియల సంఖ్యలో తేటగా కనిపించింది. కొలమానం గుంపు నుంచి క్రియకు చేరింది.

తెలుగు పత్రికలతో ఇలాంటి లెక్క కట్టాలనుకునేవాళ్లకు మొదటి గోతి జిల్లా ఎడిషన్. 1980ల చివర్లో జిల్లా అనుబంధాలు మొదలయ్యాక మండలస్థాయి రాస్తారోకోలు కూడా అచ్చులోకి వచ్చాయి. ఆ ఏడాది నుంచి గ్రాఫ్ ఎగబాకుతుంది. ఎగబాకింది నిరసనలు కాదు, పేజీలు. మొత్తం కాలానికి ప్రధాన సంచిక మొదటి పేజీలనే వాడటం, లేదా జిల్లా పేజీలను విడి వరసగా ఉంచడం, ఈ రెండిట్లో ఒకటి మొదటి రోజే తేల్చుకోవాలి. రెండోది అంకెలు. 'భారీగా తరలివచ్చారు', 'వేలాదిగా', 'పెద్ద ఎత్తున' అన్న మాటలకు జాబితా రాసుకుని, ఒక్కోదానికి కనీస సంఖ్య ముందే కట్టాలి. వార్త చదివాక కడితే మనకు నచ్చిన ఉద్యమానికి పెద్ద అంకె పడుతుంది. మూడోది కదలికలు. 'ధర్నా నిర్వహించారు' అని పత్రిక రాసినచోట, లోపల కలెక్టరేట్ గేటు దూకారా, వినతిపత్రం ఇచ్చి వెళ్లిపోయారా అన్నది వార్త చివరి మూడు లైన్లలో ఉంటుంది. శీర్షిక చూసి కోడ్ చేసేవాళ్లకు ఆ రెండూ ఒకటే. నలుగురు కోడ్ చేస్తుంటే, మొదటి వంద వార్తలను నలుగురి చేతా విడివిడిగా చేయించి పోల్చాలి. ఎక్కువగా విభేదించేది హింస దగ్గర కాదు, ఒక ఘటన ఎక్కడ ఆగిందన్నదాని దగ్గర. పొద్దున కలెక్టరేట్ ముందు కూర్చున్నవాళ్లు సాయంత్రం జాతీయ రహదారి మీద కనిపిస్తే అది ఒకటా, రెండా? ఫ్రాన్స్ పత్రికల ముందు కూర్చున్నప్పుడు టిల్లీ బృందం నియమం రాసుకున్నదీ ఈ ప్రశ్నకే.